లింకిన్ పార్క్ ‘ఎ థౌజండ్ సన్స్’తో దారి తప్పిందా?

అమెరికా రాక్ బ్యాండ్ లింకిన్ పార్క్ పాత ఆల్బమ్ ‘హైబ్రిడ్ థియరీ’ విని పెరిగినవాళ్లకు వాళ్లదే ‘ఎ థౌజండ్ సన్స్’ ఎందుకు మింగుడు పడలేదు, అది నిజంగా అంత చెడ్డదా అని అడిగారు. చెడ్డది కాదు. ఆ మాట ఒప్పుకోవడానికి మాత్రం నాకు నాలుగు నెలలు పట్టింది.

2010 సెప్టెంబరులో అది వచ్చేనాటికి నేను విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. గదిలో నలుగురం. 2000లో వచ్చిన ‘హైబ్రిడ్ థియరీ’, 2003 నాటి ‘మెటియోరా’ మాకు కంఠతా వచ్చు. బ్యాండ్ గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ గొంతు చించుకుంటే మేమూ చించుకునేవాళ్లం, పక్క గదివాళ్లు గోడ బాదేదాకా. 2007లో ‘మినిట్స్ టు మిడ్‌నైట్’తో జోరు కాస్త తగ్గినా సర్దుకుపోయాం. ఈసారి గిటార్లు బాగా వెనక్కి వెళ్లిపోయాయి. ముందుకు వచ్చినవి కీబోర్డులు, డప్పుల మోత, పాత ప్రసంగాల ముక్కలు. మావాడొకడు ఆ రాత్రే ఫోనులోంచి తీసేశాడు. నేను ఉంచాను, కేవలం బద్ధకం వల్ల.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అరుగు మీద ఫోనులో ఆ ఆల్బమ్ మోగుతుంటే తాతయ్య చెవి ఒగ్గాడు. “ఎవరురా ఆ పెద్దాయన, పాఠం చెబుతున్నాడా?” అణుబాంబు తయారుచేసిన ఓపెన్‌హైమర్ అనీ, గీతలోని మాట చెబుతున్నాడనీ, ఆల్బమ్ పేరుకు వేయి సూర్యులని అర్థమనీ చెప్పాను. “దివి సూర్యసహస్రస్య... పదకొండో అధ్యాయం,” అని వెంటనే అందుకున్నాడు. కాసేపు ఆగి, “బాగానే ఉంది, మరి పాటేదిరా?” అన్నాడు. మా గదిలో నలుగురమూ అడిగింది సరిగ్గా అదే!

తిరుగు ప్రయాణంలో ఆముదాలవలసలో పాసింజరు ఎక్కి, మొదటిసారి వరసగా విన్నాను. అంతవరకు షఫుల్‌లో పెట్టి వినడమే నేను చేసిన పొరపాటు. పదిహేను భాగాల్లో కొన్ని ఒకటి రెండు నిమిషాల తునకలు. విడిగా వస్తే ఫోను పాడైందేమో అనిపిస్తుంది. వరసలో వింటే, మొదట్లో సన్నటి గొంతుతో వచ్చిన మాటలే పద్నాలుగోదైన ‘ది కేటలిస్ట్’లో హోరుగా తిరిగి వస్తాయి. పొందూరు ఎప్పుడు దాటిందో గమనించలేదు. చివర ‘ది మెసెంజర్’లో ఆ హోరంతా పోయి గిటారు, పియానో, చెస్టర్ బొంగురు గొంతు మాత్రమే మిగిలాయి. అది అయ్యేసరికి బండి గరివిడిలో ఆగి ఉంది. పల్లీలమ్మే ఆవిడ రెండుసార్లు పిలిచిందట, నాకు వినపడలేదు.

కాబట్టి ఒక్కసారి సుమారు 48 నిమిషాలు కేటాయించి, వరస మార్చకుండా వినండి. అప్పటికీ నచ్చకపోతే ‘మెటియోరా’ ఎక్కడికీ పోలేదు, నేనూ ఇప్పటికీ వింటాను.

2017 మే నెలలో వచ్చిన ‘వన్ మోర్ లైట్’ విషయంలో మాత్రం నన్ను ఎవరూ ఒప్పించలేరు. ఎవరు పాడినా పాడగలిగే పాప్ పాటలు, ఆ పేరుతోనే ఉన్న ఒక్క పాట తప్ప. ఆ జూలై 20న చెస్టర్ పోయాక దాన్నీ చివరిదాకా వినలేకపోతున్నాను.