తెల్లారేసరికి నవల పూర్తి కాదు

నాయనా,

నీ కథా, దానితోపాటు ఆరు పేజీల ఉత్తరమూ అందాయి. కాగితానికి ఒకవైపే రాసి, కథ నా సొంతమేనని హామీపత్రం కూడా జతచేశావు. నేనేమన్నా పత్రికనా, నాకెందుకు హామీపత్రం? నవ్వొచ్చింది. నీ వయసు మనవడున్నాడు నాకు, నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు.

కథ మూడో పేజీ దాకా బాగానే నడిచింది. నాలుగో పేజీలో "ఆ రాత్రి అతడు కలం పట్టాడు. తెల్లారేసరికి నవల పూర్తయింది" అని రాశావు చూడు, అక్కడ కాగితాలు పక్కన పడేసి వంటింట్లోకి వెళ్లి బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చున్నాను. రాళ్లయిపోయాయి గానీ కోపం తగ్గలేదు.

ఎవరు రాశారయ్యా ఒక్క రాత్రిలో నవల? చేత్తో రాసేవాడు గంటకి నాలుగు పేజీలు రాస్తే గొప్ప. రాత్రి తొమ్మిదికి కూర్చుని ఐదింటిదాకా తల ఎత్తకపోయినా ముప్పై రెండు పేజీలు. వేలు వాస్తుంది తప్ప నవల అవదు.

ఈ అబద్ధం నువ్వు పుట్టించింది కాదులే. మా కాలంలో కొందరు మగ రచయితలు అంటించిన జబ్బు. లాడ్జిలో గది తీసుకుని, సిగరెట్ పెట్టెలు ముందేసుకుని, మూడు రోజుల్లో సీరియల్ ముగించామని ఇంటర్వ్యూల్లో చెప్పుకునేవాళ్లు. ఆ మూడు రోజులూ ఇంట్లో పిల్లల ముక్కులు ఎవరు తుడిచారని ఒక్క విలేకరీ అడగలేదు.

నేను ట్రంక్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్‌గా పనిచేశాను. అప్పట్లో వేరే ఊరికి ఫోన్ చేయాలంటే మాకు చెప్పి, బుక్ చేసుకుని, కాల్ కలిసేదాకా ఎదురుచూడాలి. కలిశాక మూడు నిమిషాల లెక్క. మూడు కాగానే మధ్యలో దూరి "టైమయింది, పొడిగించమంటారా?" అని అడిగేవాళ్లం. నా మొదటి నవలంతా ఆ మూడేసి నిమిషాల్లోనే రాశాను. నైట్ డ్యూటీలో, కాల్ టికెట్ల వెనకవైపు, కాల్‌కి ఒకటో రెండో వాక్యాలు. డ్యూటీ దిగేసరికి అర పేజీ అయ్యేది. ఒక రాత్రి సూపర్‌వైజర్ చేతికి చిక్కాను. ప్రభుత్వ స్టేషనరీ దుర్వినియోగం చేశానని మెమో ఇచ్చాడు. మెమో వెనకవైపు ఖాళీగానే ఉంది కదా అని పన్నెండో అధ్యాయం ముగింపు దానిమీదే రాశాను. మొత్తం రెండేళ్లు పట్టింది. మధ్యలో మా చిన్నమ్మాయి పుట్టింది.

అందుకే నా మాట ఒక్కటే. రోజుకి అర పేజీ. నీకింకా వస్తోందా? రానీ, మూసెయ్. ఇది మాత్రం ఎవరికీ ఎక్కదు. ఒక ఆదివారం అత్తగారు ఊరెళితే నేను పదకొండు పేజీలు రాశాను. మహా సంబరపడ్డాను. తర్వాత తొమ్మిది రోజులు కలం ముట్టలేదు. ముట్టబోతే ఆ పదకొండు పేజీలే కళ్లముందు నిలబడి, ఈ పూట అర పేజీనా అని వెక్కిరించేవి.

జనవరి 1 నుంచి నాలుగింటికే లేచి రోజుకి రెండువేల పదాలు రాద్దామనుకున్నావు. ఫోన్‌లో యాప్ పెట్టుకున్నావు. తొమ్మిదో తారీకుకి ఆగిపోయింది, నాలో సంకల్పబలం లేదేమో అని ఒకటే టెన్షన్ పడుతున్నావు. బలం సంగతి నాకు తెలియదు గానీ రెండువేలు ఎక్కువ. జ్వరం వచ్చిన రోజు ఎంత రాయగలవో అంతే పెట్టుకో. మంచి రోజుని చూసి లెక్క వేసుకున్నవాళ్లందరూ తొమ్మిదో తారీకు దగ్గరే దొరుకుతారు.

అన్నమయ్య ముప్పై రెండు వేల సంకీర్తనలు రాశాడని ఆయన మనవడు చెప్పాడు. రాగిరేకు మీద ఉన్న లెక్క ప్రకారం పదహారో ఏట 1424లో మొదలుపెట్టి, 1503లో కన్నుమూసేదాకా రాశాడు. 79 ఏళ్లు. నువ్వే భాగించి చూడు, రోజుకి ఒకటి, ఆపైన కాస్త. దైవాంశ అంటారు, కాదనను. నాకు మాత్రం ఆ "రోజుకొకటి" దగ్గరే దండం పెట్టాలనిపిస్తుంది.

కథల పోటీలకి పంపనా అని అడిగావు. నా కథలు పదకొండుసార్లు బహుమతి రాకుండా, "సాధారణ ప్రచురణకు స్వీకరించాం" అని వచ్చాయి. అసాధారణం ఎలా ఉంటుందో చూద్దామని బహుమతి కథలు చదివేదాన్ని. ఒకదాంట్లో హీరో రాత్రికి రాత్రి మారిపోయాడు. ఇంకోదాంట్లో విలన్ మారిపోయాడు. ఒక సంపాదకుడైతే నా కథలో చివరి పేరా తీసేసి అక్కడ తలనూనె ప్రకటన వేసుకున్నాడు. వాటి సంగతి ఇంకోసారి.

అసలు నన్ను కదిలించింది నీ ఉత్తరం రెండో పేజీలో ఉంది. "అమ్మ బీడీలు చేసి నన్ను చదివించింది." అంతే, ఒక్క వాక్యం. ఆ దొంగ రాత్రికి మాత్రం నాలుగు పేరాలు పోశావు!

నేను నిజామాబాద్‌లో నాలుగేళ్లు ఉన్నాను. మా సందులో మధ్యాహ్నం పూట ప్రతి అరుగు మీదా ఒడిలో చాట పెట్టుకుని ఆడవాళ్లు కూర్చునేవాళ్లు. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. మాట్లాడుతూనే ఉండేవాళ్లు, వేళ్లు మాత్రం ఆగేవి కావు. కూలి వెయ్యి బీడీల లెక్క. ఏ ఒక్కతీ వెయ్యి చేస్తున్నానని కూర్చోగా చూడలేదు, చేతిలో ఉన్నది ఒక్కటే. సాయంత్రానికి చాట నిండేది. పక్కింటామె పెళ్లికి వెళ్లొచ్చిన రోజు కూడా, పట్టుచీర విప్పకుండానే రెండు కట్టలు చుట్టి లేచింది.

ఇదంతా నీ ఇంట్లో జరిగింది. నువ్వేమో యాప్ కోసం వెతుక్కుంటున్నావు.

ప్రచురణకర్తల గురించీ, ఇంగ్లీషులోకి అనువాదం గురించీ ఏదో అడిగావు. నీ ఉత్తరం మళ్లీ చూడాలి, కళ్లజోడు ఎక్కడ పెట్టానో.

ఈ కథ తిరగరాసి పంపకు. ఇంకో కథా పంపకు. మీ అమ్మగారు ఆకు ఎప్పుడు తడుపుతారు, రాత్రి పడుకోబోయే ముందా, తెల్లవారుజామునా? తడిపిన ఆకుని దేంట్లో చుట్టి పెడతారు, పాత చీర ముక్కలోనా, గోనెలోనా? నాలుగేళ్లు ఎదురింట్లో ఉండి కూడా నేనది చూడలేదు. అది అర పేజీ రాసి పోస్టు చెయ్. తిరుగు స్టాంపులు అక్కర్లేదు.

ఆశీస్సులతో,
నువ్వు మేడమ్ అని రాసిన ముసలమ్మ