ఎడారిలో వేడినీళ్లకు బయల్దేరే ముందు

చిన్నా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. డిసెంబరులో తననూ మీ నాన్ననూ ఎడారిలో వేడినీటి గుండాలకు తీసుకెళ్తున్నావట, అదీ ఆర్‌వీ (లోపలే వంటిల్లు, పడకలు ఉండే పెద్ద బండి) అద్దెకు తీసుకుని. గొంతులో సగం సంబరం, సగం భయం. "బస్సులోనే వంట, బస్సులోనే పడక అంటున్నాడే అక్కా" అంది. మీ పెదనాన్నా నేనూ చలికాలం వస్తే చాలు, ఏళ్ల తరబడి అటే పోతున్నాం కాబట్టి నువ్వు అడక్కపోయినా రాస్తున్నాను.

ముందు ఏ ఊరో తేల్చుకో. టెకోపా వెళ్దామా, డెజర్ట్ హాట్ స్ప్రింగ్స్ వెళ్దామా అని ఊగుతున్నావట. టెకోపా అంటే నాకు ప్రాణం. కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీ ఎడారి అంచున ఉన్న బుల్లి ఊరు, రాత్రి ఆకాశం చూస్తే చిన్నప్పుడు డాబా మీద పడుకున్న రోజులు గుర్తొస్తాయి. కానీ మీ ఇర్వైన్ నుంచి నాలుగు గంటల పైమాటే. కుళాయి నీళ్లలో ఆర్సెనిక్, ఫ్లోరైడ్ ఎక్కువ, తాగే నీళ్లు మోసుకెళ్లాలి. పైగా అక్కడి పాత స్నానపు గదుల్లో ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగడం ఆచారం. ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు అనుకో, అయినా మీ అమ్మ గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతుంది. అక్కడికి నువ్వూ కోడలూ ఇంకోసారి వెళ్లండి.

ఇప్పటికి డెజర్ట్ హాట్ స్ప్రింగ్స్ చాలు. మీకు రెండు గంటల దారి. శుక్రవారం సాయంత్రం ట్రాఫిక్‌లో 91 ఫ్రీవే ఎక్కావంటే మాత్రం ఆ లెక్క మర్చిపో. ఆ ఊరి నీళ్లకు గంధకం కంపు ఉండదు, అది పెద్ద సుఖం. 1913లో కాబట్ యెర్క్సా అనే ఆయన ఆ ఇసుకలో కాపురం పెట్టి, నీళ్ల కోసం చేత్తో బావి తవ్వితే వేడినీళ్లు పడ్డాయి. దగ్గర్లోనే ఇంకోటి తవ్వితే చల్లటి నీళ్లు. ఊరి కింద నుంచి సాన్ ఆండ్రియాస్ అనే పెద్ద భూపగులు తాలూకు చీలిక ఒకటి పోతోంది. అది గోడలా అడ్డం నిలిచి ఒక పక్క వేడినీళ్లను, ఇంకో పక్క మంచినీళ్లను విడగొట్టింది. ఆయన పాత చెక్కలు, కిటికీలు ఏరుకొచ్చి కట్టుకున్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మీ నాన్నను తప్పకుండా తీసుకెళ్లు. పాత మేకు కూడా పారెయ్యనివ్వని మనిషికి అది గుడితో సమానం.

ఇక ఆర్‌వీ. నా మాట విను, ఈసారికి వద్దు. ఆర్‌వీ పార్కుల్లోనే చిన్న చిన్న క్యాబిన్లు అద్దెకిస్తారు. కొలనులు అవే, కొండలు అవే, నీ నెత్తిన బండి బాధ్యత ఉండదు. మొదటిసారి మేమూ నీలాగే ముచ్చటపడి తీసుకున్నాం. 30 ఆంప్ కరెంటు మాత్రమే ఉన్న స్థలం ఇచ్చారు. హీటరు నడుస్తుండగా నేను ఇడ్లీలకు ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టాను, టప్పున బ్రేకర్ పడిపోయింది. చీకట్లో పెదనాన్న టార్చి పట్టుకుని తిరుగుతుంటే చలికి పిల్లలు ఒకటే గోల. మర్నాడు టాయిలెట్ ట్యాంకు ఖాళీ చెయ్యడం. మొదట్నుంచీ వాల్వు తెరిచే ఉంచారు మహానుభావుడు, నీళ్లన్నీ పోయి గట్టిది లోపలే ఉండిపోయింది. వాల్వు మూసి ఉంచి, ట్యాంకు సగానికి పైగా నిండాక వదలాలి. ముందు టాయిలెట్ ట్యాంకు, తర్వాత సింకు నీళ్ల ట్యాంకు, అప్పుడే పైపు కడిగినట్టవుతుంది. ఈ ముక్క మాకు పక్క బండిలోని ముసలాయన చెప్పాడు, ముక్కు మూసుకుని నవ్వుతూ.

అన్నిటికంటే గాలి. దారిలో వచ్చే సాన్ గోర్గోనియో కనుమలో అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. రాత్రి పడుకునేముందు ఆర్‌వీ పక్కనుండే గుడ్డ పందిరి చుట్టెయ్యలేదు మేము. తెల్లారేసరికి చిరిగి వేలాడుతోంది. అద్దెకిచ్చినవాళ్లు డిపాజిట్ మొత్తం పట్టేసుకున్నారు. ఎత్తు బండి ఆ గాలిలో నడపడం కూడా మాటలు కాదు. కారులో వెళ్లినా ముందు రోడ్డు సంగతి చూసుకో, ఇసుక కొట్టుకొచ్చి ఇండియన్ కేన్యన్ రోడ్డు అప్పుడప్పుడూ మూసేస్తారు. (ఆ ఇండియన్ అంటే అక్కడి ఆదివాసులు, మనం కాదని మీ నాన్నకు ముందే చెప్పు, లేకపోతే బోర్డు దగ్గర ఫోటో అంటాడు.)

క్యాబిన్ బుక్ చేసేటప్పుడు ఫొటోలు చూసి మురిసిపోకు, ఫోన్ చేసి అడుగు. బాత్రూమ్ లోపలే ఉందా? కొన్నిటికి ఉండదు, అర్ధరాత్రి మీ నాన్న ఆ చలిలో టార్చి వేసుకుని నడవాలి. దుప్పట్లు, తువ్వాళ్లు వాళ్లిస్తారా? పిల్లల్ని రానిస్తారా? ఆ ఊళ్లో చాలా స్పాలు పెద్దవాళ్లకు మాత్రమే, కొన్ని పార్కులు 55 దాటినవాళ్లకే. కొలనులోకి ఏ బట్టలు వేసుకోవచ్చు? నూలు చుడీదార్లతో దిగనివ్వరు. ఒళ్లంతా కప్పే స్విమ్‌సూట్లు దొరుకుతాయి, కోడలితో ముందే కొనిపించి ఇంట్లో వేసి చూసుకోమను. క్రిస్మస్ సెలవుల్లో అస్సలు వద్దు, డిసెంబరు మొదట్లో మంగళ, బుధవారాలు చూడు. జనవరి వస్తే కెనడా నుంచి చలికి పారిపోయి వచ్చినవాళ్లతో పార్కులు నిండిపోతాయి. ఒక్క రాత్రి సరిపోదు, రెండు తీసుకో.

అసలు సంగతి నీళ్లలో దిగడం. వేడి కొలను 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. పదిహేను నిమిషాలు, అంతే. బయటికొచ్చి నీళ్లు తాగి, కాసేపు కూర్చుని, కావాలంటే మళ్లీ దిగాలి. ఒకసారి నేను కబుర్లలో పడి నలభై నిమిషాలు కూర్చున్నాను. లేచి మెట్టెక్కబోతే కళ్లు చీకట్లు కమ్మాయి, పక్కావిడ రెక్క పట్టుకోకపోతే రాతి మీద పడేదాన్ని. వేడికి రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుందట. మీ నాన్న బీపీ మాత్రలు వేసుకుంటాడు కదా, బయల్దేరేలోపు డాక్టరును అడగండి. మీ అమ్మకు షుగరుతో పాదాలు తిమ్మిరెక్కుతుంటాయి, వేడి తెలియదు. ముందు నువ్వు దిగి చూసి చెప్పు. బుజ్జిగాడికి ఇంకా నాలుగేళ్లే, ఐదేళ్ల లోపు పిల్లల్ని అంత వేడిలో దించకూడదు. వాణ్ని గోరువెచ్చటి ఈత కొలనులో ఆడించు.

ఇంకొకటి. మీ అమ్మ బదరీనాథ్ తప్తకుండం అనుకుని ముక్కు మూసుకుని మూడు మునకలు వెయ్యబోతుంది. వద్దను. క్లోరిన్ లాంటి మందు కలపని సహజమైన వేడినీళ్లలో ఒక రకం అమీబా ఉండొచ్చు, ముక్కులోంచి మెదడుకు పోతుంది. చాలా అరుదే, కానీ వస్తే మనిషి దక్కడం కష్టం. ఏ కొలనైనా సరే తల పైనే ఉంచమను. నమస్కారం గట్టు మీద నుంచి పెట్టుకోవచ్చు.

తెల్లవారుజామున దిగండి. రాత్రి 45 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పడిపోయిన చల్లటి గాలి మొహానికి తగులుతుంటే, మెడదాకా వెచ్చటి నీళ్లలో కూర్చుని, ఎదురుగా సాన్ జాసింటో కొండ మీద ఎండ మెల్లగా కిందికి దిగడం చూడాలి. గట్టు మీదే మందపాటి తువ్వాలు పెట్టుకోండి, బయటికొచ్చాక వణుకు తప్పదు.

వంట పెద్దగా పెట్టుకోకండి. క్యాబిన్‌లో పోపు పెడితే పొగ అలారం మోగుతుంది, ఆ పని బయట చిన్న స్టౌ మీద కానివ్వు. పులిహోర, పెరుగన్నంతో ఒక పూట గడిచిపోతుంది. గోంగూర పచ్చడి, కందిపొడి నేను చేసిపెడతాను. శనివారం వచ్చి పట్టుకెళ్లు, మా మడత కుర్చీలు కూడా గరాజులోనే ఉన్నాయి.

పెద్దమ్మ