నాలుగు కోర్లున్నా నా హాస్కెల్ ప్రోగ్రామ్ ఒక్క కోర్‌నే ఎందుకు వాడుతోంది?

"ప్యూర్ ఫంక్షన్లే కదా, కోర్లకు పని దానంతట అదే పంచుకోవాలి కదా" అని అడిగారు. ఒకే ఇన్‌పుట్‌కు ఎప్పుడూ ఒకే జవాబిచ్చి, బయట దేన్నీ మార్చని ఫంక్షన్లనే ప్యూర్ అంటారు. అయినా పంచుకోదు. నల్లగొండలో బీటెక్ చదివే రోజుల్లో నేనూ ఇలాగే అనుకొని మూడు రాత్రులు నిద్ర పాడు చేసుకున్నా. ఏ ముక్కను ముందు లెక్కించినా జవాబు మారదు, ప్యూరిటీ ఇచ్చే హామీ అంతే. ఏది పంచితే గిట్టుబాటవుతుందో మనమే చెప్పాలి.

కంపైల్ చేసేటప్పుడు థ్రెడెడ్ (ఎక్కువ కోర్లు వాడనిచ్చేది), ఆర్‌టీఎస్‌ఆప్ట్స్ (నడిపేటప్పుడు సెట్టింగులు ఇవ్వనిచ్చేది), నడిపేటప్పుడు ఎన్4 (నాలుగు కోర్లు వాడమనేది) ఆప్షన్లు ఇచ్చారో లేదో ముందు చూడండి. ఇవి లేకుంటే మిగతాదంతా దండగ.

నా ప్రోగ్రామ్ 1 నుంచి లక్ష దాకా ప్రతి సంఖ్యకూ కారణాంకాల జాబితా తీసేది. జాబితాలోని ముక్కల్ని కోర్లకు పంచే పార్‌లిస్ట్‌కు, ఒక్కో ముక్కను ఎంతదాకా లెక్కించాలో చెప్పే ఆర్‌సెక్ తగిలించా. కోర్లు కదల్లేదు. ఒక్కో సంఖ్య జాబితాలో మొదటి గడి తెరుచుకోగానే ఆర్‌సెక్ ఆగిపోతుంది. మొదటి కారణాంకం ఎప్పుడూ 1 కాబట్టి అది క్షణంలో దొరికేది. వడ్లు కాంటా వేయమంటే చీటీ రాసిచ్చి పోయినట్టు! హాస్కెల్ అవసరం పడేదాకా లెక్క వాయిదా వేస్తుంది కాబట్టి అసలు పనంతా చివర్లో ప్రింట్ చేసేటప్పుడు మెయిన్ థ్రెడ్ నెత్తిన పడేది. ముక్కను చివరిదాకా లెక్కించే ఆర్‌డీప్‌సెక్ పెట్టాక ఆ పీడ వదిలింది.

అయినా వేగం పెద్దగా పెరగలేదు. నడిచిన లెక్కలు చూపే ఎస్ ఆప్షన్‌తో నడిపితే స్పార్క్స్ (కోర్లకు పంచడానికి వరుసలో పెట్టిన పని ముక్కలు) లైన్లో ఓవర్‌ఫ్లోడ్ (వరుసలో చోటు దొరకనివి) దగ్గర పెద్ద అంకె. ఒక్కో కోర్ దగ్గర పట్టేవి 4096 స్పార్కులే, నేను ఒకేసారి లక్ష కుమ్మరించా. పార్‌లిస్ట్‌చంక్‌తో 500 చొప్పున కట్టలు కడితే 200 స్పార్కులయ్యాయి. అప్పుడు తిరిగింది లాప్‌టాప్ ఫ్యాను!

నాలుగు రెట్లు మాత్రం ఆశపడకండి. మా ఊరి ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో హమాలీలు ఎంతమంది ఉన్నా కాంటా ఒక్కటే, బస్తాలన్నీ దాని ముందు ఆగాల్సిందే. మన దగ్గర ఆ కాంటా, వాడేసిన మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్. అది పని చేసేటప్పుడు కోర్లన్నీ మన పని ఆపేస్తాయి. కొత్త డేటాకు ఒక్కో కోర్‌కు 64 ఎంబీ చోటిచ్చే ఏ64ఎం ఆప్షన్ ఇస్తే అది తక్కువసార్లు నడుస్తుంది, నాకు బాగా కలిసొచ్చింది. పనిలో పదో వంతు పంచలేనిదైతే నాలుగు కోర్లకు దక్కేది మూడు రెట్లే, 1967లో కంప్యూటర్ ఇంజినీర్ ఆమ్‌డాల్ చెప్పిన లెక్క ఇది.

భాష మార్చాలా అనీ అడిగారు. ఓకామల్‌కు 2022 డిసెంబరులో వచ్చిన 5.0తో మల్టీకోర్ వచ్చింది. ఎర్లాంగ్ వేల కనెక్షన్లకు బాగుంటుంది గానీ ఇలాంటి లెక్కలకు నేను వాడను. ముందు మీ స్పార్క్స్ లైను కాపీ చేసి కింద పెట్టండి, చూస్తా.