డబ్బా మీద ఎర్ర లైటు, యాప్‌లో పచ్చ టిక్కు

ప్రశ్న: అయ్యా, నాకు 43 ఏళ్లు. డిగ్రీ రోజుల్లో గంటకు 40 రూపాయలిచ్చి నెట్ సెంటర్లో కూర్చున్నవాణ్ని. ఒక ఫొటో పైనుంచి కిందికి గీత గీతగా దిగుతుంటే కదలకుండా చూసేవాణ్ని. ఇప్పుడు ఇంట్లో 200 ఎంబీపీఎస్ ఫైబర్. పోయిన నెల నాలుగు రోజులు ఆగిపోయింది. యాప్‌లో ఫిర్యాదు పెడితే రెండు గంటల్లో ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని పచ్చ టిక్కు వచ్చింది. మనిషి మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. మా అబ్బాయేమో ‘మీ కాలంలో ఇంతకన్నా ఘోరం కదా నాన్నా’ అంటాడు. మరి నాకు ఇప్పుడే ఎందుకింత కోపం?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: మీ అబ్బాయి అన్నది నిజమే. నన్నడిగితే ఇంకా తక్కువ చెప్పాడు.

2000లో నేను గుంటూరు అరండల్‌పేటలో ఒక షట్టర్ అద్దెకు తీసుకుని నెట్ సెంటర్ పెట్టాను. ఆరు కంప్యూటర్లు, ఒకటే ఫోన్ లైను, దాని మీద నెట్ తెచ్చే డబ్బా ఒకటి: 56 కె మోడెమ్, అంటే సెకనుకు 56 కిలోబిట్లు. 56 అన్నది పేరుకే, 40 దాటితే ఆ రోజు మాకు పండగ. దాన్నే ఆరుగురికీ పంచేవాణ్ని. మీ 200 ఎంబీపీఎస్ మా మోడెమ్‌కి మూడున్నర వేల రెట్లు. పైగా నెట్ ప్యాకేజీ డబ్బులు వేరు, ఫోన్ బిల్లు వేరు. ఎంసెట్ ఫలితాల రోజు హాల్‌టికెట్ నంబర్లు చేతి మీద రాసుకొచ్చిన పిల్లలు రోడ్డు దాకా నిలబడేవాళ్లు. ఆ సైటేమో తెరుచుకునేది కాదు.

మా షాపు పై వాటాలో ఇంటి ఓనరుగారు ఉండేవారు. అదే లైనుకు ఆవిడ దగ్గరా ఒక ఫోను. ఆవిడ చీరాలలో ఉన్న చెల్లెలితో మాట్లాడదామని రిసీవర్ ఎత్తారా, నెట్ తెగిపోయి కింద ఆరు నోళ్లు ఒక్కసారే ‘అరెరే!’ అనేవి. నేను మెట్ల దగ్గరికి పరిగెత్తి ‘పిన్నిగారూ, పెట్టేయండీ!’ అని కేకేసేవాణ్ని. ‘ఒక్క నిమిషం బాబూ, దానికి జ్వరంట’ అనేవారు. ఇంక ఏమంటాం?

వానాకాలం వస్తే లైన్లో గరగర. లైన్‌మన్‌ని బతిమాలితే మూడో రోజుకు సైకిలేసుకుని వచ్చేవాడు. స్తంభం ఎక్కి, డబ్బా మూత తీసి, తుప్పు పట్టిన వైరు ముక్క కత్తిరించి నా చేతిలో పెట్టి ‘ఇదుగో నీ ఇంటర్నెట్’ అనేవాడు. ఆ మూడు రోజులూ నేను తిట్టుకున్న తిట్లకు లెక్క లేదు. కానీ ఏది పాడైందో నా చేతిలో ఉండేది, ఎవర్ని తిట్టాలో తెలిసేది. మీ విషయంలో, మీ వీధి స్తంభం మొహం కూడా చూడనివాళ్లు బాగైపోయిందని మీకే చెబుతున్నారు. నాలుగు రోజులు నెట్ లేకపోవడం కన్నా మీకు మండింది అక్కడ.

సరే, ఈసారి ఆగితే ముందు గోడ మీది డబ్బా చూడండి. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చిన్న లైటు ఎర్రగా వెలుగుతోందంటే, ఫైబర్‌లోంచి రావలసిన వెలుగు మీ ఇంటి దాకా రావడం లేదని అర్థం. తీగ తెగిందో, ఎక్కడో మరీ వంగిందో. యాప్ చెప్పినట్టు డబ్బాను వందసార్లు ఆపి మళ్లీ ఆన్ చేసినా అది బాగుపడదు. ఆ లైటునూ, ‘పరిష్కారమైంది’ అన్న మెసేజ్‌నూ పక్కపక్కనే పెట్టి ఫొటో తీయండి. ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

ఫిర్యాదుకు కంపెనీ డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు సంఖ్య, ఇచ్చి తీరాలి. అడిగి రాసుకోండి. పని కాకుండానే మూసేస్తే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నాటి నిబంధనల కింద 30 రోజుల్లోపు అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేయొచ్చు. రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ఆ చిరునామా కంపెనీ సైటు అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఓపిగ్గా వెతకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. టెలికాం గొడవలు కమిషన్ పరిధిలోకి రావని కంపెనీలు చాలాకాలం వాదించాయి. 2022లో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది.

ఫోన్ ఎత్తిన అమ్మాయి మీద మాత్రం అరవకండి. ఆ పిల్ల ముందున్న తెర మీదా అదే పచ్చ టిక్కు.

ప్రశ్న: మా నాన్న సరదా పుడితే పాత మోడెమ్ చప్పుడు మిమిక్రీ చేస్తారు. ఇంతకీ అది అంత గోల ఎందుకు చేసేదండీ?
– ఇంటర్ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: రెండు మోడెమ్‌లు ఫోన్‌లో పలకరించుకుని, ‘ఈ లైను మీద ఎంత వేగంగా మాట్లాడుకుందాం’ అని బేరమాడుకునే చప్పుడమ్మా అది. మొదట్లో ‘కీ...’ మని సాగే కూత 2100 హెర్ట్‌జ్. దారిలో ప్రతిధ్వనిని అణిచే పరికరాలుంటే ‘మీరు కాసేపు ఊరుకోండి’ అని వాటికి చెప్పడం. తర్వాత వచ్చే బుస్సు, లైను ఎంత శుభ్రంగా ఉందో చూసుకోవడం. స్పీకరు పెట్టింది మన కోసమే: ఎంగేజ్ టోన్ వస్తోందా, పొరపాటున ఎవరింటికైనా ఫోన్ వెళ్లిందా అని తెలియడానికి. బేరం కుదరగానే నోరు మూసుకునేది. రెండు నెలలు తిరిగేసరికి నేను తెర చూడకుండానే, చప్పుడు విని ‘ఇవాళ 33కే ఆగింది’ అని చెప్పేసేవాణ్ని.

నాన్నగారిని ఈసారి చివరి బుస్సు దాకా చేయమను. మధ్యలో ఆపితే కనెక్ట్ కానట్టే.