చెస్ ప్రోగ్రాముల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

చెస్ ప్రోగ్రాములు మంచి ఎత్తుని ఎలా వెతుకుతాయో నువ్వు రాసిన వ్యాసం చదివాను. విషయం మీద నీకున్న ఇష్టం ప్రతి పేరాలో కనబడింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. మినీమాక్స్ (ఇద్దరూ తమకి మేలైన ఎత్తే వేస్తారనుకుని అన్ని దారులూ చూడటం), దాన్ని తగ్గించే ఆల్ఫా-బీటా, నల్ మూవ్, ఎల్‌ఎంఆర్ (లేట్ మూవ్ రిడక్షన్స్), మాంటే కార్లో (మెరుగ్గా కనబడ్డ దారుల్నే ఎక్కువగా పరీక్షిస్తూ పోవడం) అంటూ వెతికే పద్ధతులకి తలా ఒక పేరా పంచేశావు. పేర్లు తెలిశాయి గానీ ఏది ఎక్కడ మేలో తెలియలేదు. నా మాట విని వ్యాసమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిప్పు: ప్రోగ్రామ్ ఒక కొమ్మని, అంటే ఒక ఎత్తు నుంచి సాగే దారిని, చూడకుండా కత్తిరించినప్పుడు, అక్కర్లేదని తెలిసి కత్తిరించిందా, అక్కర్లేదని నమ్మి కత్తిరించిందా?

ఆల్ఫా-బీటాది తెలిసి చేసే పని. నేను ఒక ఎత్తు వేస్తే నా గుర్రాన్ని ఊరికే కొట్టేసే జవాబు ఎదుటివాడికి ఒకటి దొరికిందనుకో, అంతకంటే మంచి ఎత్తు నా దగ్గర ఇప్పటికే ఉంటే, వాడి మిగతా జవాబులు చూడటం దండగ. మినీమాక్స్ ఇచ్చే ఫలితమే వస్తుంది, ఇసుమంత తేడా ఉండదు. ఈ మాట నీ వ్యాసంలో ఎక్కడా లేదు! లెక్క కూడా చూపించు. ఒక్కో స్థితిలో 35 ఎత్తులనుకుంటే నాలుగు ఎత్తుల లోతులో 15,00,625 స్థితులు, ప్రతిసారీ మంచి ఎత్తునే ముందు చూడగలిగితే 2,449 చాలు. చూసే వరస పూర్తిగా తలకిందులైతే ఆదా ఏమీ ఉండదు, అంత ముఖ్యమైన ఎత్తుల వరసని నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టేశావు.

నల్ మూవ్ నమ్మకం మీద నడుస్తుంది. వంతు వదులుకున్నా పరిస్థితి బాగుందంటే, ఆడితే ఇంకా బాగుంటుందని లెక్క. చాలాసార్లు నిజమే. ఎక్కడ బోల్తా పడుతుందో బోర్డు మీద చూపించు: తెల్ల రాజు ఈ5, తెల్ల బంటు ఈ4, నల్ల రాజు ఈ7, వంతు నలుపుది. వదిలేయగలిగితే డ్రా, కానీ చెస్‌లో వదలడానికి వీల్లేదు, ఎటు కదిలినా ఓటమే. జుగ్జ్వాంగ్ అంటే ఇదే. రాజులు, బంట్లే మిగిలినప్పుడు చాలా ప్రోగ్రాములు నల్ మూవ్ ఆపేసేది ఇందుకే. ఎల్‌ఎంఆర్ కూడా నమ్మకమే, కాకపోతే చూసే వరసలో చివర వచ్చే ఎత్తుల్ని తక్కువ లోతులో చూసి, బాగుందనిపిస్తే మళ్లీ పూర్తిగా చూస్తుంది.

ఇక 2017లో మాంటే కార్లోతో వెతికే ఆల్ఫాజీరో ప్రోగ్రామ్ సెకనుకి 80 వేల స్థితులే చూసి, ఆల్ఫా-బీటాతో 7 కోట్లు చూసే స్టాక్‌ఫిష్ ప్రోగ్రామ్‌ని ఓడించింది కాబట్టి ఆల్ఫా-బీటా పాతబడిందన్నావు. ఆ వాక్యం తీసెయ్. ఆటల నుంచి నేర్చుకుని, ఎటు చూడాలో చెప్పిన న్యూరల్ నెట్‌వర్క్ ఘనతంతా మాంటే కార్లో ఖాతాలో వేసేశావు. 2020లో స్టాక్‌ఫిష్ కూడా స్థితికి విలువ కట్టడానికి న్యూరల్ నెట్‌వర్క్ తెచ్చుకుంది, వెతకడం మాత్రం ఆల్ఫా-బీటాతోనే. ఈ రెండు పనుల్నీ విడదీసి పోల్చు.

చోటు చాలకపోతే 1997లో కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూ కంప్యూటర్ కథని సగానికి కోసెయ్, అది అందరూ రాసిందే. నల్ మూవ్ భాగం తిరగరాయగానే నాకు పంపు.