పారాయణ బృందంలో చేరే ముందు లలితా సహస్రం ఎలా నేర్చుకోవాలి?

కొత్తగా ఈ దేశం వచ్చిన అమ్మాయిలు తరచూ అడుగుతుంటారు: "అక్కా, శుక్రవారం పారాయణకి పిలిచారు. నాకు లలితా సహస్రం రాదు. పుస్తకం చూస్తూ అందరితో పాటు చదివేస్తే వచ్చేస్తుందా?"

తప్పకుండా వెళ్ళండమ్మా. కానీ కొన్నాళ్ళు వింటూ కూర్చోండి. అలవాటైనవాళ్ళ వేగానికి గొంతు కలిపితే మీ తప్పు మీకే వినబడదు. నోటికి పట్టేసిన తప్పును వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం.

నేర్చుకునేది ఇంట్లో, నిదానంగా. ఈ స్తోత్రమంతా అనుష్టుప్పు అనే ఛందస్సులో ఉంటుంది: పాదానికి 8 అక్షరాలు, శ్లోకానికి 32. ఆ నడక చెవికి పడితే ఎక్కడ ఆగాలో చాలావరకు తెలిసిపోతుంది. తర్వాత చూసుకోవాల్సింది ఏ నామం ఎక్కడ ముగిసిందనేది. "శ్రీమాతా శ్రీమహారాజ్ఞీ శ్రీమత్సింహాసనేశ్వరీ" అన్నప్పుడు మూడు నామాలు. "నిజారుణప్రభాపూరమజ్జద్బ్రహ్మాండమండలా" మాత్రం 16 అక్షరాల ఒకే నామం. దాన్ని నిజ, అరుణ, ప్రభా, పూర, మజ్జత్, బ్రహ్మాండ, మండలా అని విడదీసి పలికి, ఆ తర్వాతే కలపండి. అనుమానం వస్తే నామావళి తీయండి. కుంకుమార్చనలో "శ్రీమాత్రే నమః" అంటూ చదివేది అదే. అందులో ప్రతి నామం విడిగా ఉంటుంది కాబట్టి విరుపు ఇట్టే తెలుస్తుంది. స్తోత్రం నేర్చుకునేవాళ్ళ దగ్గర నామావళి కూడా ఉండి తీరాలని నా అభిప్రాయం.

కారులో ఆడియో వినడం మంచిదే, రాగం పట్టుబడుతుంది. అయితే "చిదగ్నికుండసంభూతా"లో భకారం, "రాగస్వరూపపాశాఢ్యా"లో ఢకారం గట్టిగా పలకాలంటే అక్షరం కళ్ళెదుట ఉండాలి.

ఇక్కడ పెరిగే పిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. మామూలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన కాగితం ఇస్తే ద, డ ఒకటైపోతాయి, త, ట కూడా అంతే. చుక్కలు, గీతలతో తేడా చూపించే రోమన్ లిపి పుస్తకం వెతికి ఇవ్వండి. ఓపికుంటే తెలుగు అక్షరాలే నేర్పండి. వారానికి రెండు శ్లోకాలు చాలు, తొందరపెట్టొద్దు.

న్యాసం, అంటే పారాయణకు ముందు మంత్రం చెబుతూ శరీర భాగాలను తాకే విధి, దాని సంగతి గురువు దొరికినప్పుడు అడిగి తెలుసుకుందురుగాని. అందాకా "సిందూరారుణవిగ్రహాం" అనే ధ్యాన శ్లోకంతో మొదలుపెట్టండి. మొదటి పది శ్లోకాలు తడబడకుండా వచ్చాక, బృందంలో వాటి వరకు గొంతు కలపండి, మిగతావి వినండి.