డిసెంబరులో కొన్న క్రిస్మస్ చెట్టు కింది కొమ్మలు ఎండిపోతున్నాయి, ఏ మందు కొట్టాలి?

నర్సరీలో ఫర్ చెట్టని చెప్పి ఇచ్చారు, ఏప్రిల్ వచ్చేసరికి కింది కొమ్మలు గోధుమరంగుకి తిరిగాయి అని రాశారు. మందు సంగతి తర్వాత. ముందు అది ఫర్ అయ్యుండదండి. అసలు ఫర్ చెట్లు కాశ్మీర్, హిమాచల్ కొండల చలిలో పెరిగేవి, మన మే నెల ఎండకి కుండీలో నిలవవు. హైదరాబాద్‌లో క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మేది ఎక్కువగా అరకేరియా. ఆస్ట్రేలియాకి తూర్పున ఉన్న దీవులది. కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా గొడుగులా విచ్చుకుంటే అదే. కాబట్టి చలిదేశాలవాళ్లు ఫర్‌కి చెప్పే చిట్కాలు దీనికి వాడకండి.

సైనిక్‌పురిలో మా ఇంట్లో మొదటిదాన్ని నా చేతులారా చంపాను. హాల్లో పెట్టి, టైల్స్ పాడవకూడదని కింద ప్లేటు పెట్టి, రోజూ చెంబెడు నీళ్లు పోశాను. కొమ్మలు వాలిపోతుంటే చాలలేదేమోనని ఇంకో చెంబు. చివరికి కుండీ బోర్లిస్తే వేళ్లు నల్లగా మెత్తబడి, మురుగు కంపు. నీళ్లు చాలని చెట్టూ వేరు కుళ్లిన చెట్టూ పైకి ఒకేలా వాడిపోతాయి. వేలు మట్టిలో రెండు అంగుళాలు దింపి చూడండి. తడి తగిలితే నీళ్లు ఆపేసి ప్లేటు తీసేయండి. పొడిగా ఉంటేనే, అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పోయండి.

మట్టి బాగానే ఉందంటే ఎర్రనల్లి (ఆకుల రసం పీల్చే సన్నటి పురుగు) మీద అనుమానం. పొడి వేడికి, ఏసీ గదుల్లో తెగ పెరుగుతుంది. ఆకులు దుమ్ము పట్టినట్టు పాలిపోతాయి. కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి తట్టండి, పడిన చుక్కలు నడుస్తుంటే నల్లే. నేను మూడు రోజులకోసారి పైపుతో ఆకుల అడుగు కడిగాను. వారానికోసారి లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి కొట్టాను. సాయంత్రమే కొట్టండి. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది, ఆ ముచ్చటా తీరింది నాకు.

కొత్త చిగుళ్లు పసుపెక్కి, మట్టి మీద తెల్లపొర కడితే బోరునీళ్ల ఉప్పు. మాది వానాకాలమంతా డాబా మీద వాననీళ్లకి వదిలేస్తే చాలావరకు కోలుకుంది.

వెలుతురు చాలకపోయినా ముందు పోయేవి కింది కొమ్మలే. అలాగని హాలు మూలనుంచి తీసుకెళ్లి నేరుగా ఎండలో పెట్టొద్దు. పది రోజులు బాల్కనీ నీడ, ఆ తర్వాత పొద్దుటి ఎండ, మధ్యాహ్నం షేడ్ నెట్.

ఎండిన కొమ్మల చోట మళ్లీ కొమ్మలు రావు, టెన్షన్ పడకుండా కోసేయండి. పై మొన మాత్రం ముట్టుకోవద్దు, ఆకారం పోతుంది. మా రెండో చెట్టుకి కింది రెండడుగులూ బోడిగానే ఉన్నాయి. మా అత్తగారు అక్కడ పుదీనా కుండీలు సర్దేశారు.